వ్యాసాలకు చుట్టరికాలు చూసే బుడాన్

షేక్ బుడాన్‌కి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికి ఎవరేమవుతారో తెలుసు. తెలుసంటే ఏదో నలుగురి సంగతి అనుకునేరు. ఓసారి మాచర్ల బస్సులో సీటు కోసం చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటున్న ఇద్దరిని చూసి, "ఏవండీ, మీరిద్దరూ వరసకి తోడల్లుళ్ళు కదా" అన్నాడు. ఇద్దరూ బిత్తరపోయి, లెక్క చూసుకుని, నాలుక కరుచుకుని, నువ్వు కూర్చోమంటే నువ్వు కూర్చోమని సత్తెనపల్లి దాకా బతిమాలుకుంటూనే ఉన్నారు. ఈలోగా ఆ సీట్లో బుడాన్ కూర్చున్నాడు. నమ్మనివాళ్ళు ఆ కండక్టర్ని అడగొచ్చు, దొరికితే.

ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. గుంటూరు అరండల్‌పేటలో జయకుమారి గారి ప్రెస్సులో బుడాన్ ఇరవై రెండేళ్ళు పెళ్ళికార్డులు కంపోజు చేశాడు. సీసపు అక్షరాలు గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి, ఫలానావారి జ్యేష్ఠ పుత్రిక, ఫలానావారి కనిష్ఠ పుత్రుడు అని కూర్చీ కూర్చీ ఆ పేర్లన్నీ చేతి వేళ్ళలోంచి ఎక్కి బుర్రలో కాపురం పెట్టాయి. పెళ్ళాడినవాళ్ళే తమ ముహూర్తం మరిచిపోవచ్చు గానీ బుడాన్ మరిచిపోడు. "మాఘ శుద్ధ త్రయోదశి. పసుపుపచ్చ అట్ట, ఆరువందల కాపీలు. మీ మామగారి ఇంటిపేరులో కొమ్ము ఎగిరిపోతే మళ్ళీ కొట్టాం" అని ఠకీమని చెప్పేవాడు.

ఇలాంటి మనిషి శాస్త్రవేత్తల పాలిట యముడు కావడానికి కారకుడు చెంచయ్య గారు.

చెంచయ్య గారు వ్యవసాయ కళాశాలలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. 'మెట్టపైరు' అని మూడు నెలలకోసారి వచ్చే పరిశోధన పత్రికకి సంపాదకుడు. పత్రికకి ఆఫీసంటూ లేదు. జయకుమారి గారి ప్రెస్సులో ఓ మూల ఇనప బీరువా, బీరువా పక్కన స్టూలు, పెళ్ళిళ్ళ కాలం కానప్పుడు ఆ స్టూలు మీద బుడాన్. ఎవరైనా శాస్త్రవేత్త వ్యాసం పంపితే దాన్ని ఆ పైరు సంగతి తెలిసిన ఇంకో శాస్త్రవేత్తకి రిజిస్టరు పోస్టులో పంపాలి. ఆయన్ని రెఫరీ అంటారు. ఆయన బాగుందంటే అచ్చు, బాగాలేదంటే వెనక్కి. రాసినవారికి రెఫరీ ఎవరో తెలియదు, రెఫరీకి మాత్రం రాసినవారెవరో తెలుస్తుంది. ఇంగ్లీషు వ్యాసం బుడాన్‌కి అర్థమయ్యేది కాదు. చివర తెలుగులో వేసే సారాంశాన్ని మాత్రం నంజుకున్నట్టు చదివేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలం సంచికలో వేరుశనగ మీద ఓ వ్యాసం పడింది. ఇంతటి వ్యాసం ఈ శతాబ్దంలో రాలేదని రెఫరీ గారు రాశారు. తీరా అచ్చయ్యాక ఒంగోలు నుంచి ఓ ఆకాశరామన్న ఉత్తరం దిగింది. రెఫరీ గారు ఆ రచయితకి పిల్లనిచ్చిన మామగారట! చెంచయ్య గారికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఏ వ్యాసమైనా పంపేముందు ఆ రెఫరీకి ఓ కాగితం పంపి జవాబు తెప్పించుకోవడం మొదలుపెట్టారు: 'రచయితతో మీకు బంధుత్వం ఉన్నదా, లేదా?' నియమం పెట్టడమే కాదు, సొంత మేనల్లుడి వ్యాసాన్ని కవరు విప్పకుండానే తిరుగు టపాలో పంపించేశారు. ఆ మేనల్లుడు ఇప్పటికీ వాళ్ళింటికొస్తే గుమ్మంలోనే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు.

అందరూ 'లేదు' అనే రాసేవారు. ఒకాయన 'లేదు, మా తోడల్లుడి తమ్ముడు మాత్రమే' అని రాశాడు. ఇంకొకాయన 'అల్లుడు కొడుకుతో సమానం, బంధువు ఎలా అవుతాడు?' అని ఎదురు అడిగాడు. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఈ నేల మీద కందిచేలో రాయి విసిరితే తగిలినవాడు ఏదో ఒక వరస చెప్పి మరీ తిడతాడు.

ఒకరోజు చెంచయ్య గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఈ కంది వ్యాసం కందుకూరాయనకి పంపుదాం. బంధుత్వం లేదని రాశాడు" అన్నారు.

స్టూలు మీదనుంచి బుడాన్, "పంపితే పంపండి గానీ సార్, ఆడపడుచుకి చీర పెట్టి పంపినట్టుంటది" అన్నాడు.

"అదేంటయ్యా?"

"కందుకూరాయన చెల్లెలు కోడలిగా వెళ్ళింది ఈ రాసినాయన పెదనాన్న గారింటికేగా! తొంభై మూడు, వైశాఖం. గులాబీ కార్డు. వినాయకుడి బ్లాకుకి తొండం విరిగితే నేనే అతికించా."

చెంచయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని బుడాన్‌ని కొత్తగా చూశారు. బీరువాలో ఉన్న వ్యాసాలన్నీ తీసి బల్ల మీద పోశారు. సాయంత్రానికి బుడాన్ పదిహేడు వ్యాసాలకి పదమూడు చుట్టరికాలు తేల్చి, మధ్యలో టీ కూడా తాగాడు.

అక్కణ్ణుంచి చూడాలి వైభవం! శాస్త్రవేత్తలు గుంటూరొస్తే ప్రెస్సు ముందు చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవారు. బుడాన్ కంట పడకూడదని ఒకాయన కూతురి పెళ్ళికార్డు మంగళగిరి వెళ్ళి అచ్చేయించుకున్నాడు. కార్డు మీద పసుపు ఆరకముందే బుడాన్‌కి కబురు తెలిసింది. ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు ఒకరి వ్యాసం ఒకరు చూసుకునే వీలు పోతుందని, కుదిరిన పిల్లల సంబంధాన్ని మూడేళ్ళు వాయిదా వేశారు. ఆ పిల్లలు వీళ్ళ దిక్కు చూడకుండా కోటప్పకొండ మీద పెళ్ళి చేసుకొచ్చారు. కార్డు లేని పెళ్ళి కనక బుడాన్ లెక్కలో అదొక్కటే జమ కాలేదు.

రెండువేల ఒకటి ఆగస్టు నాటికి ప్రెస్సులోకి కంప్యూటరొచ్చింది. సీసపు అక్షరాలు గోనెసంచుల్లోకెళ్ళాయి. బుడాన్ మాత్రం స్టూలు మీదే ఉన్నాడు, ఆయన బుర్రకి బదులు కంప్యూటరు దొరకలేదు గనక. ఆ నెల్లోనే మిరప మీద ఒక వ్యాసం వచ్చింది. రాసింది డాక్టర్ భవ్య, పాతికేళ్ళ పిల్ల. అలవాటు కొద్దీ చివరి పేజీ తిప్పి తెలుగు సారాంశం చదివిన బుడాన్ స్టూలు మీదనుంచి జారినంత పనిచేశాడు.

'ప్రత్తిపాడు గ్రామానికి చెందిన షేక్ కరీమున్ కాపాడుకొస్తున్న నాటు మిరప, బొబ్బర తెగులును తట్టుకున్నది. నలభై మొక్కలకు ముప్పై ఎనిమిది నిలిచినవి.'

కరీమున్ బుడాన్ భార్య.

ఆమెకి పుట్టింటి నుంచి వచ్చిన అరెకరం ఉంది, తల్లి ఇచ్చిన విత్తనాల ముంత ఉంది. ఏటా చేలో గట్టి చెట్టు చూసి, దాని పండుకాయలు విడిగా ఎండబెట్టి, ఆ గింజలే ముంతలో దాచేది. ఊళ్ళో విత్తనాల కొట్టు బాపయ్య అయితే, "ఏం కరీమున్, ముంత మిరప ఎట్టుంది? ముంతలోనే కాస్తుందా?" అని పదిమందిలో ఎగతాళి చేసేవాడు. రెండేళ్ళ కిందట ఊరంతా బొబ్బర వచ్చి ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయిన ఏడు, లూనా మీద పోతున్న భవ్య ఆ చేలో పచ్చగా నిలబడ్డ ఆరు సాళ్ళు చూసి బండి ఆపింది. మరుసటేడు అదే చేలో కంపెనీ విత్తనం నలభై మొక్కలు, ముంత విత్తనం నలభై మొక్కలు పక్కపక్క సాళ్ళలో నాటించి లెక్క రాసుకుంది. ఆ వ్యాసం అచ్చయితే పరిశోధన కేంద్రంవాళ్ళు ఆ విత్తనం తీసుకుని నాలుగు జిల్లాల్లో వేసి చూస్తారు, దానికో పేరు పెడతారు. అచ్చు కాకపోతే అది ముంత మిరపగానే మిగిలిపోయి, కరీమున్‌తోనే ముగిసిపోతుంది.

ఈ సంగతులేవీ చెంచయ్య గారికి తెలియవు. గుంటూరు జిల్లాలో షేకులు కల్లాల్లో మిరపకాయలంత మంది.

"మిరపంటే శ్రీకృష్ణ గారే. చుట్టరికం లేదని రాశారు. ఏవయ్యా, ఉందా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాడు బుడాన్. అందులో అబద్ధం లేదు. శ్రీకృష్ణ గారికీ భవ్యకీ ఏ కార్డులోనూ చుట్టరికం లేదు. కవరు కట్టి, లక్క వేసి, పోస్టులో పడేసి వచ్చి, స్టూలు మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. అచ్చయిన కార్డుల్లో లేదు మరి! అచ్చు కాని కార్డులో ఉంది.

కిందటేడు శ్రావణంలో భవ్యకీ, శ్రీకృష్ణ గారి తమ్ముడు చైతన్యకృష్ణకీ పెళ్ళి కుదిరింది. కార్డు కూర్చి ప్రూఫు ఇచ్చింది బుడానే. ఆ పిల్ల పెళ్ళయ్యాక చేల వెంట తిరగకూడదని మగపెళ్ళివారు అన్నారు. ఆ పిల్ల చేలే నయమంది. శ్రీకృష్ణ గారు స్వయంగా ప్రెస్సుకొచ్చి, ప్రూఫు అడిగి తీసుకుని, బుడాన్ ఎదురుగానే పదహారు ముక్కలు చేసి, ముక్కలు కూడా జేబులో వేసుకుని పోయారు.

చుట్టరికం లేదన్న మాట అక్షరాలా నిజం. పీకల మీదికొచ్చిందీ అందుకే. ఇప్పుడు నోరు విప్పి ఆ సంగతి చెబితే లాభం ఎవరికి? సొంత పెళ్ళానికి. చెప్పేటప్పుడు ఆమె ఎవరో దాస్తే, ఊరందరి గుట్టూ రచ్చకీడ్చి తన గుట్టు మూట కట్టుకున్నట్టు. దాచకుండా చెబితే మేనల్లుడి కవరు విప్పని చెంచయ్య గారు ఈ వ్యాసాన్ని గుమ్మంలోంచే పంపేస్తారు. చెప్పకపోతే శ్రీకృష్ణ గారి చేతిలో మరో పదహారు ముక్కలు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి కరీమున్ నారుమడికి నీళ్ళు చల్లుతోంది.

"నీ పేరు పేపర్లోకెక్కిందే" అన్నాడు.

"ఎక్కితే దిగకుండా చూడు. మొహం అట్టా ఎండుకాయలా పెట్టావేంటి?"

గట్టు మీద చతికిలబడి అంతా చెప్పాడు. కరీమున్ చెంబు దించకుండా విన్నది.

"చెప్పకపోతే?"

"శ్రీకృష్ణ గారు చింపుతాడు."

"చెబితే?"

"చెంచయ్య గారు చింపుతాడు."

"అయితే ఎవరు చింపాలో నువ్వు తేల్చబాకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. రెండు జిల్లాలోళ్ళ వియ్యాలన్నీ బజార్న పెట్టినోడివి, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి గొంతులో గింజ అడ్డం పడిందా?"

"నీ విత్తనం పోద్దేమోనే!"

"విత్తనం నా ముంతలో ఉంది. యాడికీ పోదు. నువ్వు మాట దాస్తే మాత్రం రేపు ఆ కాగితం మీద నా పేరు చూసినప్పుడల్లా నాకు దగ్గొస్తది. పో, లేచి చేతులు కడుక్కో."

మర్నాడు చెంచయ్య గారు వచ్చి కూర్చుంటే బుడాన్ మూడుసార్లు "సార్" అన్నాడు. మూడుసార్లూ టీ వచ్చింది. మాటగా రానిది చేతికైనా వస్తుందేమోనని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎవరికి ఎవరేమవుతారో రాయడానికి ఆ చేతికి ఒక్కటే పద్ధతి తెలుసు. గంటలో కార్డు తయారైంది.

'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ప్రత్తిపాడు వాస్తవ్యురాలు షేక్ కరీమున్ గారి నాటు మిరపపై చి.ల.సౌ. డాక్టర్ భవ్య రచించిన వ్యాసమును, డాక్టర్ శ్రీకృష్ణ గారికిచ్చి పరిశీలన జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు. అయితే శ్రీకృష్ణ గారి కనిష్ఠ సోదరుడు చి. చైతన్యకృష్ణకును, పై భవ్యకును నిశ్చయమైన వివాహము గత శ్రావణమున ప్రూఫు దశలో తప్పిపోయినది. మరియు పై కరీమున్ నా భార్య. కావున తామెల్లరు విచారించి, నన్ను తిట్టి, తగినది చేయ ప్రార్థన. ఇట్లు, షేక్ బుడాన్. బంధుమిత్రుల అభినందనలు లేకుండా.'

కార్డు ప్రూఫు ఏదైనా సరే, నాలుగు మూలలా పసుపు రాయనిదే జయకుమారి గారు ప్రెస్సు గడప దాటనివ్వరు. చదవకుండానే పసుపు రాసి, కవర్లో పెట్టి, తాంబూలంతో సహా చెంచయ్య గారి ముందు పెట్టారు.

"ఓహో, శుభం! ఏవయ్యా బుడాన్, ఎవరి పెళ్ళి?" అంటూ తమలపాకు నోట్లో పెట్టుకుని విప్పారు. సగం చదివేసరికి నమలడం ఆగింది. చివరికొచ్చేసరికి వక్క గొంతుకి అడ్డం పడి, జయకుమారి గారు వీపు మీద రెండు చరిస్తే గానీ ఊపిరి రాలేదు.

"తప్పిపోయిన సంబంధం కూడా సంబంధమేనంటావా?"

"సార్, కుదిరిన సంబంధం పదేళ్ళకి పాతబడుద్ది. తప్పిపోయింది ఎప్పుడూ పచ్చిగానే ఉంటది."

"మరి నిన్న అడిగితే లేదన్నావే?"

"చుట్టరికం అడిగారు. లేదన్నాను. పగ అడగలేదు."

"ఆ కరీమున్ నీ భార్య అని కూడా అడగాల్సిందా నేను?"

చెంచయ్య గారు లేచి ప్రెస్సంతా రెండు చుట్లు తిరిగారు. చింపేస్తారని బుడాన్ కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన చెయ్యి చాపి నిలబడి ఉన్నారు.

"బీరువా తాళంచెవి ఇలా ఇయ్యి. ఈ వ్యాసం తేలేదాకా నువ్వు ఈ స్టూలెక్కబాకు. పెళ్ళికార్డులు చేసుకో."

"వెనక్కి పంపట్లేదా సార్?"

"నా మేనల్లుడప్పుడు సంపాదకుణ్ణి నేనే, నన్ను నేను పక్కన కూర్చోబెట్టుకోలేను. నువ్వు పసుపు రాసి మరీ చెప్పావు. చెప్పినవాణ్ణి పక్కన కూర్చోబెడితే సరిపోతుంది. మొక్కేం చేసింది పాపం!"

నాలుగో రోజున శ్రీకృష్ణ గారి అభిప్రాయం రానే వచ్చింది. 'ఇది శాస్త్రం కాదు, పచ్చడి.' చెంచయ్య గారు దాన్ని మడిచి పక్కన పెట్టారు. అక్కడ మొదలయ్యాయి అసలు పాట్లు. కొత్త రెఫరీకి భవ్యతో చుట్టరికం లేదనీ, తప్పిపోయిన చుట్టరికం కూడా లేదనీ తేల్చాలి. అది తేల్చగల మనిషి భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ తానే పక్కన కూర్చోబెట్టారు! వారం రోజులు జుట్టు పీక్కుని, చివరికి దేశపటం గోడకి తగిలించి, తెలుగు పెళ్ళికార్డు ఏనాడూ చేరి ఉండని చోటు ఏదా అని వేలు పెట్టి వెతికి, అస్సాంలో ఓ మిరప శాస్త్రవేత్తని పట్టారు.

అస్సాం నుంచి జవాబు డిసెంబరులో వచ్చింది. పదకొండు ప్రశ్నలు. ఒక్క ఏటి పంట చూసి తీర్పు చెప్పకూడదు, మళ్ళీ వెయ్యమన్నాడు. పదకొండో ప్రశ్న మాత్రం మిరపకాయ కొరికినట్టే ఉంది: 'ఈ మొక్కలకు నీళ్ళు పోసినది ఎవరు?'

భవ్య లూనా వేసుకుని ప్రత్తిపాడు వచ్చింది.

"పిన్నీ, నిజం చెప్పు. కంపెనీ సాళ్ళకీ, నీ సాళ్ళకీ ఒక్కలాగే పోశావా?"

"పోశానమ్మా. కాకపోతే మనయి కదా, పోసేటప్పుడు ఇంకో చెంబు... ఎండగా ఉంటే ఇంకో చెంబు..."

"పిన్నీ!"

"కన్నబిడ్డకి కాస్త పెరుగెక్కువేస్తే తప్పా?"

తప్పే అని తేలింది. మరుసటేడు మళ్ళీ నాటారు. ఈసారి ఏ సాలు ఎవరిదో కూలీలకి తెలియకుండా అంకెల పుల్లలు పాతారు. కరీమున్ గట్టు దిగకూడదని షరతు పెట్టారు. సొంత చేనుకి ఆమె గట్టు మీద కాపలా, కాదు కాదు, ఆమెకే కాపలా! ఆకు ముడిస్తే గట్టు మీద గోల, కాయ పండితే గట్టు మీద గోల. ఆదివారాలు బుడాన్ కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు. బీరువా ముట్టకూడని మొగుడు, మొక్క ముట్టకూడని పెళ్ళాం, దారేపోయేవాళ్ళకి వారం వారం వినోదం. బాపయ్య సైకిలాపి, "ఏం కరీమున్, ముంతని జైల్లో పెట్టారా?" అంటే, "నిన్ను మాత్రం బయటే వదిలేశారు, అది చూసుకో" అని గట్టు మీదనుంచే బదులిచ్చేది.

ఆ ఏడు బొబ్బర మళ్ళీ విరుచుకుపడింది. కంపెనీ సాళ్ళలో నలభైకి తొమ్మిది నిలిచాయి. కరీమున్ సాళ్ళలో నలభైకి ముప్పై ఒకటి నిలిచాయి. కిందటిసారి లెక్కకి ఏడు తక్కువ. ఆ ఏడు మొక్కలూ అప్పుడు ముద్దు వల్ల బతికినవేనని భవ్య నవ్వుతూ చెప్పి, వ్యాసంలో ముప్పై ఎనిమిది కొట్టేసి ముప్పై ఒకటి రాసింది. అస్సామాయన 'ఇప్పుడు నమ్ముతాను' అని ఒక్క వాక్యం రాశాడు. రెండువేల మూడు జులై సంచికలో వ్యాసం అచ్చయింది. పరిశోధన కేంద్రంవాళ్ళు విత్తనం పట్టుకెళ్ళి, పుస్తకంలో 'ప్రత్తిపాడు కరీమున్' అని పేరు రాసుకున్నారు. బాపయ్య పావుకిలో విత్తనం అడగడానికి కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

బుడాన్ సంచిక తెచ్చి కరీమున్‌కి సారాంశం చదివి వినిపించాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది, ముప్పై ఒకటి దగ్గర మాత్రం మూతి తిప్పింది. వ్యాసం కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంటే, అదేంటని అడిగింది. చెంచయ్య గారు రాసి, జయకుమారి గారు ఒక్క వేలితో కొట్టి, బుడాన్‌ని చెయ్యి పెట్టనివ్వని పంక్తి అది.

"'ఈ పత్రికలో పనిచేయు షేక్ బుడాన్, పై విత్తనపు యజమానురాలి భర్త. ఈ వ్యాసం విషయంలో ఆయన చేసిన పని ఏదియు లేదు.'"

కరీమున్ రెండుసార్లు చదివించుకుంది.

"అంటే నువ్వు ఏ పనీ చెయ్యలేదని అచ్చేశారా?"

"అవును."

"ఇరవయ్యేళ్ళ నుంచి నేను చెబుతూనే ఉన్నా. చదువుకున్నోళ్ళు రాస్తే గానీ నమ్మరు కదా జనం" అని, ఆ పేజీ వీధరుగు మీద అందరికీ కనపడేలా పెట్టి, ఎగిరిపోకుండా మీద ముంత పెట్టింది.